గుడి బేస్‌మెంట్ బ్యూగిళ్లు: పెద్దాయనతో ఆరు రోజులు

మా వాడు హైస్కూల్ బ్యాండ్‌లో ట్రంపెట్ వాయిస్తాడు. ఇక్కడ న్యూజెర్సీలో పిల్లాడు బ్యాండ్‌లో చేరితే ఇల్లంతా చేరినట్టే. శనివారం వచ్చిందంటే ట్రక్కులోకి సామాన్లు ఎక్కించడం, నీళ్ల సీసాలు మోయడం, ఊడిన గుండీలు కుట్టడం అన్నీ అమ్మానాన్నల పనే. అక్కడే పరిచయమయ్యారు పెద్దాయన. 77 ఏళ్లు. ఆయన మనవలెవరూ ఆ స్కూల్లో చదవడం లేదు, అయినా ప్రతి శనివారం ఒక చిన్న నూనె డబ్బా జేబులో పెట్టుకుని వచ్చి, పిల్లల ట్రంపెట్ల వాల్వులు ఒక్కొక్కటీ విప్పి తుడిచి నూనె వేసి వెళ్తారు. మా వాడు ఆయన్ని తాతయ్యా అనే పిలుస్తాడు, ఆయనకీ ఆ పిలుపు అలవాటైపోయింది.

మీరు ఎక్కడ నేర్చుకున్నారు తాతయ్యా అని వాడు ఒకరోజు అడిగితే, "గుడి కింద" అన్నారు.

గుడి కింద అంటే బేస్‌మెంట్. ఆయన పదకొండేళ్ల వయసులో, 1959లో, న్యూఆర్క్ పక్కన వాళ్ల విచారణ (అంటే ఒక గుడి కింద ఉండే కతోలికుల పేట) గుడికి ఒక డ్రమ్ కోర్ ఉండేదట. ఇంగ్లిష్‌లో ఈ కోర్ అనే మాట చివర పి, ఎస్ అక్షరాలు రాస్తారు కానీ పలకరు. బ్యూగిళ్లు, డ్రమ్ములు, జెండాలు, అంతే. క్లారినెట్, ఫ్లూట్ లాంటివి ఉండవు. మొదటి ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు అమెరికన్ లీజియన్, వి.ఎఫ్.డబ్ల్యు. అనే సంఘాల కింద ఈ పోటీలు మొదలుపెట్టారు. తర్వాత కతోలిక గుళ్లు పిల్లల కోసం దీన్ని అందుకున్నాయి. షికాగోలో సహాయ మేత్రాణులు (బిషప్) బెర్నార్డ్ షీల్ 1930లో సి.వై.ఓ. అనే కతోలిక యువజన సంస్థ పెట్టారు, అక్కడ బాక్సింగ్ ఎక్కువ. ఈ తూర్పు తీరంలో మాత్రం సి.వై.ఓ. అంటే చాలామంది పెద్దవాళ్లకి ముందు గుర్తొచ్చేది డ్రమ్ముల చప్పుడే.

ఇదంతా వింటుంటే నాకు మా ఊరు గుర్తొచ్చింది. కృష్ణా జిల్లాలో మాది కతోలిక కుటుంబం, నేను చదివింది ఆర్.సి.ఎం. స్కూల్లో. ఆగస్టు 15కి మార్చ్ పాస్ట్‌లో సైడ్ డ్రమ్ నాది. గుడి పండక్కి ఊరేగింపు ముందు నడిచే పిల్లల్లో కూడా నేనుండేవాణ్ణి, ఫాదర్ గారు వెనక్కి తిరిగి ఒకసారి చూశారంటే మా అడుగులు వాటంతట అవే కలిసిపోయేవి. ఇంత దూరం వచ్చి, గుడి పేరు పెట్టుకున్న డ్రమ్ముల కథ ఒక తెల్లాయన నోట వినడం నాకు చాలా పెద్ద విషయంగా అనిపించింది. ఆగస్టు మొదట్లో పెన్సిల్వేనియాలోని అలెన్‌టౌన్‌లో డ్రమ్ కోర్ పోటీలున్నాయి, దానికి ముందు ఆ పాత చోట్లన్నీ మీరే చూపించండి అని అడిగా. ఆయన రెండు రోజులు ఏమీ చెప్పలేదు. మూడో రోజు ఫోన్ చేసి, "సోమవారం పొద్దున ఏడింటికి రా" అన్నారు.

సోమవారం, గార్ఫీల్డ్

పెద్దాయన కారెక్కుతూ ఒక గుడ్డ సంచి ఒళ్లో పెట్టుకున్నారు. అందులో ఏముందో రెండో రోజు దాకా చెప్పలేదు.

గార్ఫీల్డ్ చిన్న ఊరు, పస్సాయిక్ నది ఒడ్డున ఉంటుంది. ఒకప్పుడు ఈ ఒడ్డంతా ఉన్ని మిల్లులు. ఇటలీ నుంచి, పోలండ్ నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ మగ్గాల దగ్గర బతికారు. 1926లో ఈ చుట్టుపక్కల మిల్లుల్లో పదిహేను వేల మందికి పైగా సమ్మె చేశారు, ఏడాది పైన సాగింది. ఆ తర్వాత మాంద్యం వచ్చిపడింది. అలాంటి రోజుల్లో, 1934లో, ఇక్కడి హోలీ నేమ్ (పవిత్ర నామం) గుడి పిల్లలతో హోలీ నేమ్ కెడెట్స్ అనే కోర్ పుట్టింది. తినడానికే కష్టంగా ఉన్న ఊళ్లో మెరూన్, బంగారు రంగుల్లో, వెస్ట్ పాయింట్ సైనిక విద్యార్థుల్లాంటి డ్రెస్సు వేసుకుని పిల్లలు నడిచారంటే, ఆ వీధుల్లో నిలబడి చూసిన తల్లులకి ఎలా ఉండుంటుందో నేను ఊహించగలను, ఎందుకంటే మా అమ్మ కూడా నా తెల్ల చొక్కాకి గంజి పెట్టి, ఇస్త్రీ డబ్బాలో నిప్పులు ఊదుకుంటూ రాత్రి పదకొండింటి దాకా కూర్చునేది.

గుడి ముందు కారు ఆపాం. పొద్దున పూజ అయిపోయినట్టుంది, ముగ్గురు ముసలమ్మలు మెల్లగా మెట్లు దిగుతున్నారు. పెద్దాయన లోపలికి రాలేదు. పక్కనున్న వీధిని చూపించి, "ఇక్కడే నడిచేవాళ్లు, శత్రువులు" అన్నారు. ఆయన కోర్‌కి వీళ్లు అందనంత ఎత్తులో ఉండేవాళ్లు. అయినా శత్రువులే.

ఈ కోర్ కథ చాలా పొడుగు. 1950ల చివర్లో గుడితో సంబంధం తెగిపోయి గార్ఫీల్డ్ కెడెట్స్ అయ్యారు. 1983, 84, 85 వరసగా మూడేళ్లు డి.సి.ఐ. (డ్రమ్ కోర్స్ ఇంటర్నేషనల్, ఇప్పుడు పెద్ద పోటీలు నడిపే సంస్థ) ఛాంపియన్లు, అంతకుముందు ఎవరూ అలా వరసగా మూడుసార్లు గెలవలేదు. మొత్తం పది టైటిళ్లు. తర్వాత ఊరు మారారు, పేరు మారింది, పెన్సిల్వేనియాకి వెళ్లిపోయారు. కానీ హోలీ నేమ్ ఎప్పటికీ ఉంటుంది అని అర్థం వచ్చే ఒక ఇంగ్లిష్ వాక్యాన్ని, గుడి వదిలేసి అరవై ఏళ్లు దాటినా, ఏ మతం పిల్లాడు చేరినా అందరూ పాడుతూనే వచ్చారు. ఆ వాక్యంలోని మాటల మొదటి అక్షరాలు ఆరూ కలిపి సంతకంలా రాసుకునేవారు. 2024లో, సరిగ్గా తొంభై ఏళ్లకి, కోర్ మూతపడింది.

గుడి ఉంది, కోర్ లేదు. మా వాడు గేటు మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు, వాడికి యూట్యూబ్‌లో 1984 నాటి వాళ్ల షో కంఠతా వచ్చు.

మధ్యాహ్నం నది ఒడ్డున చెట్టు కింద కూర్చుని మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర తిన్నాం. పెద్దాయన పోపులోని పల్లీలు ఏరుకుని ముందు అవే తిన్నారు. అప్పుడు అడిగా, ఇంత ఖర్చు గుళ్లు ఎలా పెట్టుకునేవి అని. బింగో అన్నారు, మన తంబోలా లాంటి అంకెల ఆట. న్యూజెర్సీలో 1950ల మొదట్లో బింగో ఆటని చట్టబద్ధం చేశారు, గుళ్లకి అదే పెద్ద ఆధారం. వారంలో ఒక రాత్రి అమ్మమ్మలంతా హాల్లో బింగో ఆడేవాళ్లు, ఆ డబ్బుతో డ్రమ్ము తోళ్లు, బస్సు అద్దె. పిల్లల దగ్గర పైసా తీసుకునేవాళ్లు కాదు. "ఆడిషన్ లేదు. బ్యూగిల్ పట్టుకునే చెయ్యి ఉంటే చాలు" అన్నారు. ఈ మాట నేను తర్వాత ఐదు రోజులూ తలుచుకుంటూనే ఉన్నా. ఇప్పుడు పెద్ద కోర్‌లలో చేరాలంటే ఆడిషన్లు గట్టిగా ఉంటాయి, ఒక్క వేసవికి ఐదువేల డాలర్ల పైన కట్టాలి. మా వాడు రెండేళ్లలో ఆడిషన్‌కి వెళ్తానంటున్నాడు. వెళ్లనిస్తా, డబ్బు కూడబెడతా. కానీ గార్ఫీల్డ్ మిల్లులో పనిచేసే వాడి కొడుకుని ఇప్పుడు ఎవరు చేర్చుకుంటారు?

మంగళవారం, న్యూఆర్క్, బయోన్, జెర్సీ సిటీ

ఈ రోజు గురించి ఎంత రాసినా సరిపోదు.

పొద్దున న్యూఆర్క్. ఇక్కడ బ్లెస్డ్ సాక్రమెంట్ విచారణ వాళ్ల గోల్డెన్ నైట్స్ ఉండేవారు. బ్లెస్డ్ సాక్రమెంట్ అంటే మన దివ్యసత్ప్రసాదం, పూజలో అందుకునే అప్పం. పోటీ మైదానంలో మైకు పట్టుకుని దివ్యసత్ప్రసాదం వారు వస్తున్నారు, హోలీ నేమ్ వారు సిద్ధంగా ఉండాలి అని ప్రకటిస్తుంటే ఎలా ఉంటుంది! మా నాన్నకి చెబితే నమ్మేవాడు కాదు. సెయింట్ లూసీస్ కెడెట్స్ కూడా ఈ ఊరి ఇటాలియన్ల గుడి వాళ్లే. పక్కపక్క వీధుల పిల్లలు, పేరుకి ఒకే మతం, పోటీ వచ్చేసరికి బద్ధ విరోధులు.

1967 జూలైలో ఈ ఊళ్లో అల్లర్లు జరిగి 26 మంది చనిపోయారు. అంతకుముందు నుంచే తెల్లవాళ్లు శివార్లకి వెళ్లిపోతున్నారు, ఆ తర్వాత మరీ వేగంగా ఖాళీ అయింది. పెద్దాయన కుటుంబం కూడా మర్నాటి ఏడాదే వెళ్లిపోయింది. "మా వీధిలో నల్లజాతి పిల్లలుండేవాళ్లు, డ్రమ్ముల చప్పుడు వినడానికి కిటికీ దగ్గర కూర్చునేవాళ్లు. లోపలికి రమ్మని ఒక్కరం కూడా పిలవలేదు, నేను కూడా" అన్నారు. కారు నడుపుతున్న నేను అద్దంలో మా వాడి వైపు చూశా, వాడు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. పిలిచి ఉంటే ఆ కోర్‌లు ఇంకో ఇరవై ఏళ్లు బతికేవేమో అని నాకనిపించింది. ఆయన ముందు ఆ మాట అనలేదు.

అక్కణ్ణుంచి బయోన్. సెయింట్ విన్సెంట్స్ కెడెట్స్ ఈ ఊరి వాళ్లే, ఒకప్పుడు వాళ్ల పేరు చెబితే మిగతా కోర్‌లకి టెన్షన్. ఇంకో గుడి, పోలండ్ వాళ్లది, అవర్ లేడీ ఆఫ్ మౌంట్ కార్మెల్. అంటే మన కార్మెల్ మాత. మా అమ్మమ్మ ఉన్నన్నాళ్లూ ప్రతి జూలైలో ఫిరంగిపురం కార్మెల్ మాత తిరునాళ్లకి వెళ్లేది, మెళ్లో ఉత్తరీయం (దారానికి కట్టిన మాత గుడ్డ బిళ్ల) లేకుండా ఇల్లు కదిలేది కాదు. ఈ ఊరి గుళ్ల నుంచి వచ్చిన కోరే తర్వాత బయోన్ బ్రిడ్జ్‌మెన్ అయింది, ఊళ్లో ఉన్న వంతెన పేరుతో. పసుపు రంగు పొడుగు కోట్లు, వెడల్పాటి టోపీలు, మైదానంలో అందరూ ఒక్కసారిగా మూర్ఛపోయినట్టు పడిపోవడం, జనం నవ్వుతూ లేచి నిలబడి చప్పట్లు కొట్టడం, ఇదంతా 1970ల రెండో సగం నాటి మాట. పెద్దాయనకి వాళ్లంటే మొదట్లో కోపమట, గుడి నుంచి వచ్చినవాళ్లు ఇలా చేస్తారా అని. తర్వాత ఒకసారి ఎదురుగా కూర్చుని చూసి ఏడ్చేశానన్నారు, అంత బాగా వాయించారట.

వంతెన కనబడే చోట ఒక బెంచీ మీద ఆ గుడ్డ సంచి విప్పారు. లోపల బ్యూగిల్.

దీని గురించి కొంచెం వివరంగా రాయాలి. ట్రంపెట్‌కి పైన నిలువుగా మూడు వాల్వులుంటాయి కదా, దీనికి పక్కకి అడ్డంగా ఒకే ఒక్క పిస్టన్, దాన్ని కుడిచేతి బొటనవేలితో నొక్కాలి. కింద ఇంకోటి, తిరిగే రోటర్, అది తర్వాత బిగించిందని చెప్పారు. శ్రుతి జి. సైన్యం బ్యూగిల్‌కి అసలు వాల్వే ఉండదు, అందుకని మొదట్లో ఒక్క పిస్టన్ పెట్టుకోవడానికే సంఘాలు ఎంతో ఆలోచించాయి. కొన్ని స్వరాలు ఇందులో రానే రావు. పాటలు రాసేవాళ్లు ఆ స్వరాలు తప్పించి దారి వెతికేవారు. మూడు వాల్వుల బ్యూగిళ్లని డి.సి.ఐ. 1990లో కానీ ఒప్పుకోలేదు, 2000 నుంచి మామూలు ట్రంపెట్లే వచ్చేశాయి. ఈ బ్యూగిల్ పిస్టన్ మీద బొటనవేలు ఆనే చోట పూత అరిగిపోయి లోపలి ఇత్తడి బయటపడి ఉంది, గోరంత గుంట. మా వాడు వేలు అందులో పెట్టి చూశాడు. సరిగ్గా సరిపోలేదు, ఆయన అప్పుడు వీడికన్నా చిన్నవాడు మరి.

మధ్యాహ్నం జెర్సీ సిటీ. రూజ్‌వెల్ట్ స్టేడియం ఉన్న చోటు. 1937లో కట్టారు, 1946 ఏప్రిల్‌లో నల్లజాతి బేస్‌బాల్ ఆటగాడు జాకీ రాబిన్‌సన్ మాంట్రియల్ తరఫున తొలి ఆట ఆడింది ఇక్కడే. డ్రమ్ కోర్ వాళ్లకి మాత్రం ఇది డ్రీమ్ కాంటెస్ట్ జరిగిన చోటు, తూర్పు తీరంలో పెద్ద పెద్ద కోర్‌లన్నీ ఒకే రాత్రి దిగేవి. 1985లో పడగొట్టేశారు. ఇప్పుడు అక్కడ ఇళ్లు, నీట్‌గా కత్తిరించిన గడ్డి, కార్లు. నీళ్ల మీంచి గాలి మాత్రం అప్పటి గాలే అన్నారు పెద్దాయన.

ఆయన కోర్ చిన్నది, ఇక్కడ ఎప్పుడూ పోటీ చేయలేదు (ఆ కోర్ పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు). ఆయన పోగొట్టుకున్న పోటీ వేరే చోట, ఒక హైస్కూల్ మైదానంలో, సి.వై.ఓ.ది. కానీ ఆ కథ చెప్పడానికి ఈ చోటే ఎంచుకున్నారు. అప్పటి మార్కుల పద్ధతి ఇది: కోర్ వందతో మొదలవుతుంది, తప్పు దొరికిన ప్రతిసారీ పదో వంతు కోత. దాన్ని టిక్ అనేవారు. జడ్జీలు పైన కూర్చోరు, కాగితం అట్ట పట్టుకుని మైదానంలో పిల్లల మధ్యే నడుస్తూ, ఒంగి చెవి దగ్గర పెట్టి వింటారు. మొదలుపెట్టే ముందు వరసలో నిలబెట్టి బూట్లు, బెల్టు బకిల్స్, బ్యూగిల్ మెరుపు అన్నీ చూస్తారు, దానికీ టిక్కులే. ఎడమ గీత దగ్గర పిస్తోలు పేలితే మొదలు, పన్నెండు పదమూడు నిమిషాలు. దేశం జెండాకి కాపలా లేకుండా ఒక్క క్షణం వదిలినా పెనాల్టీ. ఈ టిక్కుల పద్ధతి 1983 దాకా నడిచింది.

ఆ రోజు 1965లో, పాట మధ్యలో ఒక గట్టి స్వరం దగ్గర ఆయన బొటనవేలు జారింది. స్వరం విరిగింది. జడ్జీ అప్పుడే ఆయన ఎదురుగా ఉన్నాడు. పెన్సిల్ కదలడం కనిపించింది. ఒక్క పదో వంతుతో రెండో స్థానం.

"నీదే అని ఎవరన్నా అన్నారా?" అని అడిగాడు మా వాడు.

"ఎవరూ అనలేదు. ఫాదర్ అందరికీ ఐస్‌క్రీమ్ కొనిపెట్టాడు. అదే తట్టుకోలేకపోయా" అన్నారు.

బుధవారం, హైడ్ పార్క్

పొద్దున ఆరింటికి బయల్దేరినా కనెక్టికట్‌లో ట్రాఫిక్‌కి ఇరుక్కుపోయాం. బ్రిడ్జ్‌పోర్ట్ దాటుతుంటే ఇక్కడి సెయింట్ రఫాయేల్ గుడి కోర్ గురించి పెద్దాయన ఒక అరగంట చెప్పారు. దారంతా ఆయనకి అలాంటి పటమే. నాకు కనబడేది పెట్రోల్ బంకులు, ఆయనకి కనబడేది ఏ ఊళ్లో ఏ పునీతుడి పేరుతో ఎవరు వాయించారన్నది.

బోస్టన్‌లో హైడ్ పార్క్ అనే పేట. 1940లో ఇక్కడి మోస్ట్ ప్రెషస్ బ్లడ్ విచారణలో క్రుసేడర్స్ పుట్టారు. ప్రెషస్ బ్లడ్, అమూల్య రక్తం. వాళ్లే ఇప్పటి బోస్టన్ క్రుసేడర్స్. గుడి బేస్‌మెంట్లలో పుట్టిన కోర్‌లలో ఈ రోజుకీ పెద్ద పోటీల్లో పైస్థాయిలో నిలబడ్డది ఇదే అని పెద్దాయన ఎంతో గర్వంగా చెప్పారు, తన కోర్ కాకపోయినా. ఆ మాట అంటున్నప్పుడు శత్రువులు అనే పదం ఒక్కసారి కూడా వాడలేదు.

గుడి తలుపులు వేసి ఉన్నాయి. ఎండ మండిపోతోంది. చుట్టుపక్కల ఇప్పుడు హైతీ వాళ్లు, డొమినికన్లు ఎక్కువ, పక్క కొట్లో స్పానిష్ పాట పెట్టారు. అరుగు మీద నలుగురు పిల్లలు ఒక ప్లాస్టిక్ బకెట్ బోర్లించి రెండు కర్రలతో వాయిస్తున్నారు. నా చేతులు ఊరుకోలేదు. వెళ్లి అడిగి, మా ఊళ్లో మార్చ్ పాస్ట్‌కి వాయించిన దెబ్బ, నలభై ఏళ్ల తర్వాత, ఆ బకెట్ మీద వాయించా. నలుగురిలో చిన్నది, తొమ్మిదేళ్లుంటాయేమో, ఒక్కసారి విని యథాతథంగా తిరిగి వాయించింది. ఆ పిల్ల ఇల్లు ఈ గుడికి నడిచి వచ్చేంత దూరంలోనే ఉంది. 1950లో అయితే (ఆడపిల్ల అని ఆపకపోతే) ఆ సాయంత్రమే బేస్‌మెంట్‌కి పిలిచి చేతికి కర్రలు ఇచ్చేవాళ్లు.

ఆపేవాళ్లే, అది కూడా నిజం. పెద్దాయన చెల్లెలు బ్యూగిల్ ఆయనకన్నా బాగా వాయించేదట, ఇంట్లో. కోర్‌లో మాత్రం ఆమెకి జెండా పట్టుకునే వరసలోనే చోటు. లాంగ్ ఐలండ్‌లో హిక్స్‌విల్ అనే ఊళ్లో సెయింట్ ఇగ్నేషియస్ గుడి వాళ్లు మొత్తం ఆడపిల్లలతోనే కోర్ నడిపారని, దాని గురించి పత్రికలో వచ్చిన ఫొటో ఆమె కత్తిరించి దాచుకుందని చెప్పారు.

గురువారం, రెవేర్

రాత్రి పడుకున్న చోట ఏసీ పనిచేయలేదు, ముగ్గురికీ నిద్ర లేదు. పొద్దున్నే సముద్రం దగ్గరికి వెళ్లిపోయాం. రెవేర్ బీచ్, 1896 నుంచి ప్రజలందరికీ తెరిచిన బీచ్, అమెరికాలో ఇలాంటిది ఇదే మొదటిదట.

ఈ ఊళ్లో ఇమ్మాక్యులేట్ కాన్సెప్షన్ గుడి, మనం నిష్కళంక మాత గుడి అంటాం, దానికి ఐ.సి. రెవరీస్ అనే కోర్ ఉండేది. 1967 ప్రాంతంలో అందులోంచి కొందరు విడిపోయి 27వ లాన్సర్స్ అని పెట్టుకున్నారు. 1980లో లేక్ ప్లాసిడ్ వింటర్ ఒలింపిక్స్‌లో వాయించింది వాళ్లే. ఈ విడిపోవడం గురించి అడిగితే పెద్దాయన చాలాసేపు ఇసుకలో నడిచాక చెప్పారు. గుడికి పిల్లలు పూజకి రావాలి, పండక్కి ఊరేగింపులో నడవాలి, వారంలో రెండు రోజులు వాయించుకుంటే చాలు. పిల్లలకేమో గెలవాలి. వేసవంతా బస్సులో తిరగాలి, మంచి టీచర్లు కావాలి. రెండూ న్యాయమే. ప్రతి ఊళ్లోనూ ఎప్పుడో ఒకప్పుడు ఈ తగువు వచ్చింది.

అదే సమయంలో కోర్‌లకి సైనిక సంఘాల రూల్స్ మీద, ఇచ్చే డబ్బు మీద కూడా కోపం పెరిగింది. మా పోటీలు మేమే పెట్టుకుంటాం అని 1971లో డి.సి.ఐ. మొదలైంది. మొదట చేరిన 13 కోర్‌లలో బోస్టన్ క్రుసేడర్స్ ఉన్నారు, 27వ లాన్సర్స్ ఉన్నారు. మొదటి ఛాంపియన్‌షిప్ 1972 ఆగస్టులో, విస్కాన్సిన్‌లోని వైట్‌వాటర్‌లో. గెలిచింది కాలిఫోర్నియా వాళ్లు, అనహైమ్ కింగ్స్‌మెన్. తూర్పు తీరం గుళ్ల నుంచి విస్కాన్సిన్ దాకా బస్సులు పంపే స్తోమత ఎన్ని విచారణలకుంటుంది? మర్నాటి ఏడాది పెట్రోల్ సంక్షోభం. ఒక్కో కోర్ ఒక్కో ఏడాది ఆగిపోయింది. లాన్సర్స్ కూడా 1980ల్లోనే ఆగిపోయారు. పెద్దాయన కోర్‌కి చివరి రోజు అంటూ లేదు. ఒక సెప్టెంబర్‌లో ప్రాక్టీసుకి రమ్మని ఎవరూ కబురు పెట్టలేదు, అంతే.

సాయంత్రం డోర్‌చెస్టర్ వైపు వెళ్లాం, సెయింట్ కెవిన్స్ ఎమరాల్డ్ నైట్స్ ఉన్న పేట. ఐరిష్ గుడి, ఆకుపచ్చ పేరు. చీకటి పడింది, ఎక్కువసేపు ఉండలేదు.

శుక్రవారం, దారి

బోస్టన్ నుంచి అలెన్‌టౌన్‌కి ఆరు గంటలు అనుకుంటే తొమ్మిది పట్టింది. వాన. మా వాడు బ్యూగిల్ మౌత్‌పీస్ ఒకటే పెట్టుకుని మసాచుసెట్స్ దాటేదాకా ఊదాడు, పెద్దాయన ఊదనిచ్చారు.

శనివారం, అలెన్‌టౌన్

జె. బర్నీ క్రమ్ స్టేడియం. హైస్కూల్ ఫుట్‌బాల్ మైదానమే కానీ పదిహేను వేల మంది పడతారు. ఏటా ఆగస్టులో డి.సి.ఐ. వాళ్ల తూర్పు పోటీ ఇక్కడ రెండు రాత్రులు జరుగుతుంది, ఫైనల్స్‌కి వారం ముందు. ఫైనల్స్ ఇండియానాపొలిస్‌లో ఏసీ స్టేడియంలో, కప్పు కింద. ఇక్కడ ఆకాశమే కప్పు, సిమెంటు మెట్లు. పెద్దాయన సొంతంగా ఒక చిన్న దిండు తెచ్చుకున్నారు.

పోటీకి రెండు గంటల ముందు పార్కింగ్ స్థలాల్లో కోర్‌లు వార్మప్ చేస్తాయి, తెలిసినవాళ్లంతా ముందు అక్కడికే వెళ్తారు. స్నేర్ లైన్ (సైడ్ డ్రమ్ముల వరస) ముందు నేను మూడడుగుల దూరంలో నిలబడ్డా. తొమ్మిది మంది. కర్రలన్నీ ఒకే ఎత్తుకి లేచి ఒకేసారి దిగుతుంటే చప్పుడు చెవికి కాదు, పక్కటెముకలకి తగిలింది. ఊరేగింపులో నా పక్కన బేస్ డ్రమ్ కొట్టే పిల్లాడు ఉండేవాడు, వాడి దెబ్బ ఇలాగే తగిలేది.

అక్కడే, ఆకుపచ్చ శాటిన్ జాకెట్ వేసుకున్న ఒకాయన కనిపించారు, ఆ ఎండలో. వీపు మీద సెయింట్ కెవిన్స్ అని ఉంది. పెద్దాయన వెళ్లి ఆయన ముందు నిలబడి తన కోర్ పేరు చెప్పారు. ఆయన రెండు క్షణాలు ఆలోచించి, "నీలం టోపీలు" అన్నారు. ఇక వాళ్లిద్దరినీ విడదీయడం మా వల్ల కాలేదు. అరవై ఏళ్ల కిందటి పోటీల్లో ఎవరి ముందు ఎవరు దిగారు, ఏ ఊళ్లో వాన పడింది, ఏ జడ్జీ కఠినం, పోటీ అయ్యాక రిట్రీట్‌లో కోర్‌లన్నీ మైదానంలో వరసగా నిలబడితే చివరి స్థానం నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క పేరే చదువుతుంటే ఎవరికి కాళ్లు వణికాయి. పెద్దాయన తన టిక్ గురించి కూడా చెప్పారు, నవ్వుతూ. ఆ ఆకుపచ్చ జాకెట్ ఆయన నవ్వలేదు. తన జేబులోంచి చెయ్యి తీసి ఆయన భుజం మీద వేసి, అలాగే ఉంచారు.

రాత్రి పోటీ మొదలయ్యాక పిడుగుల సూచన ఉందని గంట ఆపేశారు. జనం మెట్ల కింద నిలబడి ఎదురుచూశారు, ఎవరూ ఇంటికి వెళ్లలేదు. మళ్లీ మొదలైంది. నూట యాభైకి పైగా పిల్లలు, మైకులు, సింథసైజర్లు, మైదానమంతా రంగురంగుల సెట్లు. ఎడమ గీత లేదు, పిస్తోలు లేదు. పాతవాళ్లు చాలామందికి ఇది నచ్చదు. పెద్దాయనకి నచ్చింది. బోస్టన్ క్రుసేడర్స్ వచ్చినప్పుడు లేచి నిలబడ్డారు, చివరిదాకా కూర్చోలేదు, కుడిచేతి బొటనవేలు ప్యాంటు కుట్టు మీద కదులుతూనే ఉంది. నేను హైడ్ పార్క్ అరుగు మీది ఆ చిన్నపిల్ల వీళ్లలో ఎక్కడన్నా ఉండే రోజు వస్తుందా అని చూస్తూ కూర్చున్నా.

తిరిగి వచ్చేటప్పుడు అర్ధరాత్రి దాటింది. వెనక సీట్లో మా వాడు ఫోన్‌లో మార్కులు చదువుతున్నాడు. ఇప్పుడు కోత లేదు, ఎంత బాగా చేస్తే అంత వేస్తారు, కలిపేసరికి దశాంశం తర్వాత మూడు అంకెలు. పెద్దాయన కళ్లు మూసుకుని ఉన్నారు, నిద్రపోయారనుకున్నాం.

"ఏడో స్థానానికీ ఎనిమిదికీ తేడా ఎంత?" అన్నారు.

"సున్నా పాయింట్ రెండు, తాతయ్యా."

"రెండు టిక్కులు" అన్నారు పెద్దాయన.